కౌలు డబ్బుతో పరదేశ నివాసము: బయలుదేరేముందు వేసుకోవలసిన లెక్క

“అక్కడికి వెళ్ళి పని చేయనక్కరలేదట. నెలనెలా ఇంత ఆదాయము వస్తుందని కాగితము చూపిస్తే చాలునట. పోర్చుగల్‌లో ఇల్లు తీసుకుని ఉండనిస్తారట. నిజమేనాండీ?”

ఈ ప్రశ్న ఈ మధ్య కుటుంబ కూటములలోను, పెండ్లి విందులలోను మాకు తరచుగా ఎదురవుతున్నది. అడిగేవారు కుర్రవాళ్ళు కారు. యాభై అయిదు, అరవై దాటిన దంపతులు. పిల్లలు చదువుకుని అమెరికాకో, కెనడాకో వెళ్ళిపోయారు. ఊళ్ళో పొలము కౌలుకు ఇచ్చారు. గుంటూరులోనో, ఒంగోలులోనో, నరసరావుపేటలోనో ఒక ఇల్లు, మేడమీద అద్దెకు ఒక వాటా, బ్యాంకులో కొంత డిపాజిట్టు. ఇంత పెద్ద ఇంట్లో ఇద్దరమే ఎందుకు, మనము కూడా ఒక దేశము చూసుకుని స్థిరపడకూడదా అని వారి ఆలోచన.

అడిగినవారికి మేము ముందుగా ఇచ్చే జవాబు ఇదే: విన్నది నిజమే, అటువంటి వీసాలు ఉన్నాయి. కాని ఆ వీసా కాగితములో ఉన్న ఒక మాట మన నల్లరేగడి నేలలకు సరిగా అతకదు. కష్టపడకుండా వచ్చే ఆదాయము అని వారు అంటారు. మన పల్నాటిలోను, ప్రకాశములోను ఊరికే వచ్చే ఆదాయము అంటూ ఒకటి ఉన్నదా? ఈ నెల ఈ విషయమును పాఠకులతో కొంచెము వివరముగా మాట్లాడదలచాము.

ఈ వీసాలు ఏమిటి?

ఉద్యోగము కోసము కాక, స్వంత ఆదాయము మీద బ్రతకడానికి వచ్చేవారికి కొన్ని దేశములు నివాస అనుమతి ఇస్తాయి. పింఛను, ఇంటి అద్దె, భూమి కౌలు, బ్యాంకు వడ్డీ, షేర్ల మీద వచ్చే లాభము, ఇటువంటివి చూపించాలి.

మనవారి నోట ఎక్కువగా వినిపించే పోర్చుగల్ వీసా పేరు డి-7. దీనికి ఆధారము ఆ దేశము 2007లో చేసిన విదేశీయుల చట్టము. దరఖాస్తుదారుడు ఆ దేశపు కనీస వేతనమునకు తగ్గని ఆదాయము చూపాలి. 2025లో ఆ కనీస వేతనము నెలకు 870 యూరోలు. భార్యనో, భర్తనో వెంట తీసుకువెళ్తే అందులో సగము, ఒక్కొక్క బిడ్డకు 30 శాతము అదనము. ముందు నాలుగు నెలల వీసా ఇస్తారు. అక్కడికి చేరిన తరువాత రెండు సంవత్సరముల నివాస కార్డు, ఆపైన మూడేండ్లకు పొడిగింపు. కనీస వేతనము అక్కడ ఏటేటా పెరుగుతుంది గనుక మనము చూపవలసిన మొత్తమూ పెరుగుతుంది.

స్పెయిన్‌లో ఇటువంటి వీసా ఉన్నది గాని మెట్టు ఎత్తు ఎక్కువ. ఒక్కరికి నెలకు 2,400 యూరోలు, వెంట వచ్చే ప్రతి ఒక్కరికి 600 యూరోలు. అక్కడ ఏ పనీ చేయరాదన్నది షరతు. థాయిలాండ్ యాభై ఏండ్లు నిండినవారికి ఏడాదికి ఒకసారి పొడిగించే అనుమతి ఇస్తుంది. నెలకు 65,000 బాత్‌ల ఆదాయము గాని, అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌ల నిల్వ గాని చూపాలి. నిల్వ అయితే మన డబ్బులో ఇరవై లక్షల పైమాటే. తొంభై రోజులకొకసారి ఉన్న చోటును అధికారులకు తెలియజేయాలి.

మలేషియా తన పథకమును 2002లో ప్రారంభించింది. చాలాకాలము నెలకు 10 వేల రింగిట్ల ఆదాయము చూపితే సరిపోయేది. 2021లో దానిని ఒక్కసారిగా 40 వేలకు పెంచారు. 2024లో నియమములు మరల మార్చారు. ఒక దేశము ఈ రోజు తెరిచిన తలుపును రేపు సగము మూయవచ్చునని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

మలేషియా పేరు వచ్చింది గనుక ఒక మాట. నూరేండ్లకు ముందు మన తెలుగువారు ఆ దేశమునకు రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను కూలి పనికి వెళ్ళారు. వారి చెమటే వారి వీసా. ఈనాడు మనము అడుగుతున్నది చెమట పట్టని వీసా. ఆ మార్పు ఎంత పెద్దదో ఒక్క క్షణము ఆలోచించడము మంచిది.

పిల్లలున్న చోట ఈ తలుపు లేదు

ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు. మన పిల్లలు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. ఆదాయము చూపించి అక్కడ స్థిరపడే పదవీ విరమణ వీసా అమెరికాలో లేదు. కుమారుడో, కుమార్తెయో అక్కడి పౌరుడై, ఇరవై ఒక్క సంవత్సరములు నిండి ఉంటే తలిదండ్రుల కోసము దరఖాస్తు పెట్టవచ్చును. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న బిడ్డకు ఆ హక్కు లేదు. హెచ్-1బి మీద ఉన్న బిడ్డకు అసలే లేదు. అంతవరకు మనకు మిగిలేది సందర్శక వీసా, సాధారణముగా ఒక్క రాకకు ఆరు నెలలు.

ఇంగ్లండులో స్వంత ఆదాయము గల వృద్ధుల కోసము పూర్వము ఒక మార్గము ఉండేది. 2008లో దానిని మూసివేశారు. కెనడాలోనూ అటువంటి వీసా లేదు. తలిదండ్రుల కోసము 2011లో ప్రారంభించిన సూపర్ వీసా ఉన్నది. 2022 జూలై నుండి దాని మీద ఒక్క రాకకు అయిదు సంవత్సరముల వరకు ఉండవచ్చును. కాని అక్కడ లెక్క చూసేది ముఖ్యముగా బిడ్డ ఆదాయమును, మన వైద్య బీమాను.

కాబట్టి తేలేది ఏమిటంటే, పిల్లలున్న చోట ఈ వీసా లేదు, ఈ వీసా ఉన్న చోట పిల్లలు లేరు. డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళాలన్న కోరికతో లిస్బన్‌లో ఇల్లు తీసుకుంటే, ఆ ఇద్దరి మధ్య ఇంకా ఒక మహా సముద్రము ఉంటుంది. వెళ్ళదలచినవారు తాము వెళ్ళేది పిల్లల కోసమా, చల్లని వాతావరణము కోసమా, ఊళ్ళో పది మందికి చెప్పుకోవడము కోసమా అని భార్యాభర్తలిద్దరు కూర్చుని ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి.

లెక్క వేసి చూద్దాము

ఒక కుటుంబమును ఊహించుకుందాము. పది ఎకరముల మిర్చి, పత్తి భూమి. ఎకరమునకు 40 వేల కౌలు అనుకుందాము. సంవత్సరమునకు 4 లక్షలు. పట్టణములో ఇంటి అద్దె నెలకు 15 వేలు, అంటే 1 లక్షా 80 వేలు. బ్యాంకులో 40 లక్షలు ఉండి 7 శాతము వడ్డీ వస్తే 2 లక్షల 80 వేలు. మొత్తము 8 లక్షల 60 వేలు. మన ఊరిలో ఇది సుఖముగా బ్రతికే ఆదాయము. సంఘములో ఇచ్చే చేయి, బంధువులకు పెట్టే చేయి.

ఇప్పుడు పోర్చుగల్ 2025లో అడిగినది చూద్దాము. దంపతులిద్దరికి 870, దానిలో సగము 435, కలిపి నెలకు 1,305 యూరోలు. లెక్కకు సులువుగా యూరో వంద రూపాయలు అనుకుంటే నెలకు 1 లక్షా 30 వేల 500, ఏడాదికి 15 లక్షల 66 వేలు. మనము ఊహించిన కుటుంబమునకు ఇంకా 7 లక్షలకు పైగా తక్కువ పడుతుంది. ఆ ఇంటి యజమాని రిటైరయిన ఉపాధ్యాయుడై నెలకు 45 వేల పింఛను వస్తున్నా మొత్తము 14 లక్షలే. ఇంకను చాలదు.

ఇది అర్హతకు కనీసము మాత్రమే, జీవనమునకు కాదు. లిస్బన్ నగరములో ఒక్క పడక గది ఉన్న ఇంటికే అద్దె వెయ్యి యూరోలు దాటడము మామూలు. లోపలి చిన్న పట్టణములలో తక్కువకు దొరుకుతుంది. కాని అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవారూ తక్కువే.

పింఛను, డిపాజిట్టు వడ్డీ అయితే నెల తిరిగేసరికి వస్తాయి. అవి బాగా ఉన్న ఇంటికి ఈ వీసా సాధ్యమే. చిక్కు అంతా భూమి కౌలు దగ్గర ఉన్నది. మన జిల్లాలలో చాలామంది ఆశ పెట్టుకునేదీ దాని మీదనే.

ఆ ఆదాయము ఎవరి చెమట?

మన ప్రాంతపు రైతుకు గుర్తు చేయనక్కరలేని సంగతులు కొన్ని ఉన్నాయి. 1987-88లో తెల్లదోమ, పురుగులు పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పుల పాలైన పత్తి రైతులు ప్రాణములు తీసుకున్నారు. 2021-22 పంట కాలములో నల్ల తామర పురుగు మిరప పూతను తినివేసింది. బయటి దేశము నుండి వచ్చిన ఆ పురుగును మన దేశములో మొదట 2015లో బొప్పాయి మీద కనిపెట్టారు. ఏడేండ్లు తిరగకముందే మన మిరప చేలను చుట్టబెట్టింది. ఆ సంవత్సరము తోటలను దున్నివేసినవారు ఉన్నారు.

పంట బాగా వచ్చినా ధర నిలువదు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన మిర్చి 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు సగమునకు పడిపోయింది. కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్యము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధరగా నిర్ణయించవలసి వచ్చింది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకుని వెళ్ళి, వచ్చిన ధర చూసి, కోత కూలి కూడా గిట్టలేదని వెనుదిరిగినవారి ముఖములు మనము చూశాము.

ఇందులో ఎక్కువ దెబ్బ ఎవరిది? భూమి స్వంతదారుది కాదు. కౌలు చాలాచోట్ల ముందే చెల్లించాలి, లేదా పంట ఎట్లున్నా ఇవ్వాలి. విత్తనము, ఎరువు, మందు, కూలి, అన్నీ కౌలు రైతువి. అప్పు అతనిది. నష్టమూ అతనిదే. మనము “కౌలు వచ్చింది” అని ఒక్క మాటలో చెప్పేదాని వెనుక ఒక కుటుంబము నారు పోసి, నీరు కట్టి, మందు కొట్టి, ఎండలో కాయ కోసి, కల్లములో రాత్రులు కాపలా కాసింది. విదేశపు కాగితము మీద ఆ పని కనిపించదు. మన కళ్ళకు కనిపించాలి.

ఊళ్ళో ఉన్న స్వంతదారుడు ఈ బాధను ఎంతో కొంత పంచుకుంటాడు. పంట పోయిన ఏడు కౌలు రైతు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. “ఈ ఏడు నా వల్ల కాదు బాబాయ్” అంటాడు. మనము పొలము వెళ్ళి చూస్తాము. సగము వదులుకుంటాము, లేదా వచ్చే ఏటికి సర్దుతాము. ఈ సర్దుబాటు ఏ చట్టములోను వ్రాసి లేదు. ఒకరి ముఖము ఒకరు చూసుకోవడము వలననే అది జరుగుతుంది. బోయజు బేత్లెహేము నుండి తానే పొలమునకు వచ్చి కోతవారిని పలకరించిన సంగతి మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. రూతు అనే పరదేశి స్త్రీ అతని కంటపడినది కూడా అతడు చేనిలోనికి వచ్చినందువలననే.

ఇప్పుడు అదే స్వంతదారుడు లిస్బన్‌లో ఉన్నాడనుకుందాము. నివాస కార్డు పొడిగింపుకు ఆదాయము మరల చూపాలి. ఇంటి అద్దె యూరోలలో కట్టాలి. ఎకరమునకు 40 వేలు కాస్తా 25 వేలకు దిగితే పది ఎకరముల మీద లక్షన్నర తగ్గుతుంది. అప్పుడు ఫోనులో మన నోటి నుండి ఏ మాట వస్తుంది? “నాకు తెలియదు, మొత్తము పంపు” అనే మాటే వస్తుంది. మనము చెడ్డవారమై కాదు. మన జీవితమును యూరోలకు కట్టివేసుకున్నాము గనుక, దయ చూపే వీలు మన చేతులలో మిగలదు. ఈ వీసా ఆలోచనలో అన్నిటికంటె బరువైన సంగతి ఇదేనని మా అభిప్రాయము.

ఒక సంతకము విలువ

మరొక సంగతి. 2019లో మన రాష్ట్రము పంట సాగుదారుల హక్కుల చట్టము చేసింది. దాని ప్రకారము భూమి స్వంతదారుడు, కౌలుదారుడు పదకొండు నెలల ఒప్పందము వ్రాసుకుంటే కౌలు రైతుకు కార్డు వస్తుంది. ఆ కార్డుతో పంట రుణము, పంట బీమా, నష్టపరిహారము అడగవచ్చును. స్వంతదారుని హక్కునకు భంగము లేదని ఆ చట్టమే చెబుతున్నది. అయినా చాలామంది స్వంతదారులు భయపడి సంతకము పెట్టరు. కార్డు లేని రైతు బ్యాంకుకు వెళ్ళలేక వడ్డీ వ్యాపారి దగ్గరకు, పురుగు మందుల దుకాణము దగ్గరకు వెళ్తాడు.

స్వంతదారుడు ఊళ్ళో ఉండగానే దొరకని సంతకము, అతడు సముద్రము దాటిన తరువాత ఎట్లా దొరుకుతుంది? కాబట్టి వెళ్ళదలచినవారు చేయవలసిన మొదటి పని వీసా ఫారము నింపడము కాదు. కౌలు ఒప్పందము వ్రాసి సంతకము పెట్టడము. ప్రతి ఏటా ఆ సంతకము పెట్టడానికి నమ్మకమైన దగ్గరి బంధువు ఒకరికి అధికార పత్రము ఇచ్చి, దానిని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. ఆ పత్రములో కౌలు ఒప్పందము చేయడము, కౌలు డబ్బు తీసుకుని బ్యాంకులో వేయడము, శిస్తు, కరెంటు బిల్లులు చూడడము, ఇంతవరకే వ్రాయించండి. అమ్మే అధికారము వ్రాయించవద్దు. విదేశములో ఉండి వ్రాసే అధికార పత్రము అయితే ఇండియాకు చేరిన మూడు నెలలలో ఇక్కడ స్టాంపు వేయించాలి. అది పెద్ద తిరుగుడు. ఉన్నప్పుడే చేసుకోవడము తేలిక.

భూమి, బ్యాంకు, పన్ను

విదేశ నివాసి అయినంత మాత్రాన మన భూమి పోదు. ఇక్కడ నివాసము ఉన్నప్పుడు కొన్న భూమిని, పెద్దల నుండి వచ్చిన భూమిని ఉంచుకోవచ్చునని 1999 విదేశ మారక నిర్వహణ చట్టము చెబుతున్నది. కాని విదేశ నివాసిగా ఉన్నంతకాలము క్రొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీలు లేదు. అమ్మదలచితే ఇండియాలో నివసించే భారత పౌరునికే అమ్మాలి. ప్రక్క చేను అమ్మకానికి వచ్చినా మనము కొనలేము. రైతు బిడ్డకు ఇది చిన్న విషయము కాదు. పి.ఎం. కిసాన్ సహాయమునకు కూడా విదేశ నివాసులు అర్హులు కారు. తెలియక తీసుకుంటే తిరిగి కట్టవలసి వస్తుంది.

బ్యాంకులో ఉన్న సాధారణ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చాలి. కౌలు, అద్దె, పింఛను అందులో పడతాయి. ఆ సంవత్సరపు ఆదాయమును పన్ను లెక్క తేల్చిన తరువాత బయటికి పంపుకోవచ్చును. ఇంట్లో అద్దెకు ఉన్నవారు విదేశ నివాసికి అద్దె ఇచ్చేటప్పుడు పన్ను కోసి ప్రభుత్వమునకు కట్టాలి. మన మేడమీద ఉండే చిన్న ఉద్యోగికి ఈ సంగతి మనమే ముందుగా చెప్పాలి. లేకపోతే నోటీసు వచ్చేది అతనికే.

వ్యవసాయ ఆదాయము మీద ఇక్కడ కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కాని పోర్చుగల్‌లో ఏడాదికి 183 రోజులు దాటి ఉంటే మనము అక్కడి పన్ను నివాసులము. ప్రపంచములో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాలి. రెండు దేశముల మధ్య పన్ను ఒప్పందము ఉన్నది గాని, ఇక్కడ పన్నే కట్టని కౌలుకు అక్కడ మినహాయించడానికి ఇక్కడి పన్ను రసీదు ఏదీ ఉండదు. క్రొత్తగా వచ్చినవారికి ఆ దేశము పూర్వము ఇచ్చిన పన్ను రాయితీ పథకము 2024 నుండి క్రొత్త దరఖాస్తులకు మూతపడింది. పాత సంగతులు చెప్పి ఫీజు తీసుకునే ఏజెంట్లు ఉంటారు, జాగ్రత్త. రెండు దేశముల పన్నులు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును డబ్బు ఇచ్చి అడగడము దండుగ కాదు.

“వీసా గ్యారంటీ” అనే మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. వీసా ఇచ్చేది ఆ దేశపు ప్రభుత్వము మాత్రమే. పాస్‌పోర్టు ఆఫీసు నుండి పోలీసు క్లియరెన్సు, దాని మీద అపోస్టిల్ ముద్ర, అక్కడి పన్ను నంబరు, ఉండబోయే ఇంటి కాగితము, వైద్య బీమా, బ్యాంకు లెక్కలు, ఇవన్నీ మనము స్వయముగా చదివి అర్థము చేసుకుని పెట్టుకోదగినవే. కౌలు ఆదాయము చూపాలంటే వ్రాసిన ఒప్పందము, బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బు ఉండాలి. నోటిమాట కౌలు, చేతిలో పెట్టిన నోట్లు అక్కడ లెక్కకు రావు. చూశారా, కౌలు రైతుకు మేలు చేసే కాగితమే మన వీసాకు కూడా కావలసి వచ్చింది.

అక్కడి దినములు

పోర్చుగల్ సౌమ్యమైన దేశము. ఎండ ఉన్నది, సముద్రము ఉన్నది, నివాస కార్డు ఉన్నవారికి ప్రభుత్వ వైద్యశాలలో చోటు ఉన్నది. కాని లిస్బన్ ప్రాంతములో కుటుంబ వైద్యుడు కేటాయించబడక ఎదురుచూసేవారు చాలామంది. ఆసుపత్రి, పంచాయితీ ఆఫీసు, అంగడి, అన్నిచోట్ల భాష పోర్చుగీసు. శాశ్వత నివాసమునకు ఆ భాషలో ప్రాథమిక పరీక్ష ఉన్నది. ప్రజలలో అధిక సంఖ్యాకులు రోమన్ కతోలికులు. ప్రొటెస్టెంటులు కొద్దిమంది. లిస్బన్‌లో సెయింట్ జార్జి ఆంగ్లికన్ దేవాలయములో ఇంగ్లీషు ఆరాధన ఉన్నది. తెలుగు పాట, తెలుగు ప్రార్థన మాత్రము ఇంట్లోనే. అరవై ఏండ్లు ప్రతి ఆదివారము ప్రక్కన కూర్చున్నవారి గొంతు వినిపించని ఆదివారము ఎట్లుంటుందో ముందుగా ఆలోచించుకోవాలి.

రావడము, పోవడము కూడా మన ఇష్టము కాదు. నివాస కార్డు కాలములో వరుసగా ఆరు నెలలు గాని, విడివిడిగా మొత్తము ఎనిమిది నెలలు గాని దేశము బయట ఉంటే కార్డు రద్దు కావచ్చును. తగిన కారణము చూపితే సడలింపు ఉన్నది. అయినా రెండేండ్ల కార్డులో ఏడాదికి నాలుగు నెలలే అని లెక్క. ఇంట్లో ఎనభై దాటిన తల్లి ఉంటే, ఆమె మంచము పట్టిన నెలలను ఎవరు లెక్కపెట్టగలరు?

ఆ దేశమును గురించి మనవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. దక్షిణమున ఒదెమీరా అనే ప్రాంతములో పెద్ద పెద్ద ప్లాస్టిక్ పందిళ్ళ క్రింద పండ్ల తోటలు ఉన్నాయి. అక్కడ కాయ కోసే కూలీలలో భారతీయులు, నేపాలీలు, బంగ్లాదేశీయులు ఎందరో. 2021లో కోవిడ్ వ్యాపించినప్పుడు వారు ఎంత ఇరుకు గదులలో ఉంటున్నారో ఆ దేశమంతటికి తెలిసింది. అంటే మిరప కాయ కోసే చేయి ఇక్కడ, పండు కోసే చేయి అక్కడ. మనము ఏ దేశమునకు వెళ్ళి కూర్చున్నా, మన పళ్ళెములోని ఆహారము ఎవరో ఒకరు వంగి కోసినదే.

మన ప్రాంతమునకు తిరుగు పోలిక కూడా ఉన్నది. 1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ దొరగారు, ఆ తరువాత పల్నాటిలో గురజాలలో కాపురమున్నప్పుడు, ఇక్కడ వ్యాపారము చేసి బ్రతకలేదు. ఆయన పోషణ అమెరికాలోని లూథరన్ సంఘముల నుండి వచ్చింది. పరదేశపు డబ్బుతో పరదేశములో నివసించినవారు మన చరిత్రలోనే ఉన్నారన్నమాట. కాని ఆ డబ్బు వెనుక తమ సంపాదనలో నుండి తీసి ఇచ్చిన విశ్వాసులు ఉన్నారు. అక్కడి దాతలకు ఆయన, ఇక్కడి ప్రజలకు ఆ డబ్బు ఉపయోగపడ్డారు. మనము వెళ్ళినప్పుడు మన ఆదాయము ఎవరికి ఉపయోగపడుతుంది అన్న ప్రశ్న అందుకే న్యాయమైనది.

ఇంట్లో కూర్చుని మాట్లాడవలసినవి

వెళ్ళవద్దని మేము అనడము లేదు. పింఛను, వడ్డీ చాలినంత ఉండి, ఆరోగ్యము బాగుండి, ఇద్దరి మనసు ఒకటైతే వెళ్ళవచ్చును. వెళ్ళేముందు ఈ కొన్ని ప్రశ్నలకు ఇంట్లో అందరు కలిసి జవాబులు వ్రాసుకోండి.

ఒకటి, కౌలు డబ్బు ఒక్క రూపాయి రాకపోయినా అక్కడ ఒక సంవత్సరము బ్రతకగలమా? బ్రతకలేకపోతే మన వీసా మిరప చెట్టుకు వ్రేలాడుతున్నట్లే.

రెండు, పంట పోయిన ఏడు ఎంత కౌలు వదులుకుంటామో ఇప్పుడే ఒప్పందములో వ్రాయగలమా? అక్కడికి వెళ్ళిన తరువాత దయ కలుగునో లేదో, కాగితము మీద ఉంటే కలిగితీరుతుంది.

మూడు, కౌలు రైతుకు కార్డు వచ్చేటట్లు సంతకము పెట్టామా?

నాలుగు, వృద్ధులైన తల్లి, తండ్రి, అత్తమామలు ఎవరి దగ్గర ఉంటారు? “తమ్ముడు చూసుకుంటాడులే” అని మనము అనుకోవడము కాదు, తమ్ముడిని, మరదలిని కూర్చోబెట్టి అడిగామా?

అయిదు, ముందుగా సందర్శక వీసా మీద వెళ్ళి మూడు నెలలు, అదీ చలికాలములో, ఉండి చూశామా? ఇల్లు అమ్మక, పొలము అమ్మక, ముందు చూసి రావడము వివేకము.

ఆరు, ఇద్దరిలో ఒకరు ముందుగా కన్నుమూస్తే మిగిలినవారు ఆ దేశములో ఒంటరిగా ఉండగలరా? ఈ ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. సగము పింఛనుతో ఆ వీసా నిలుస్తుందా అనేది కూడా అందులోనే ఉన్నది.

ఈ ఆరింటికి జవాబు దొరికినవారు ధైర్యముగా బయలుదేరవచ్చును. దొరకనివారికి ఊళ్ళో చేయదగిన పని చాలా ఉన్నది. పది ఎకరములు గల దంపతులు ఊళ్ళోనే ఉండి, కౌలు రైతుకు సంతకము పెట్టి, పంట పోయిన ఏడు సగము వదులుకుని, ఏడాదికి మూడు నెలలు పిల్లల దగ్గరకు వెళ్ళివస్తే అదీ ఒక నిండు జీవితమే.

వీసా ఫారములో ఆదాయము ఎక్కడ నుండి వస్తున్నదని ఒక గడి ఉంటుంది. అందులో మనము “భూమి కౌలు” అని రెండు మాటలు వ్రాస్తాము. ఆ రెండు మాటలు వ్రాసేముందు, ఆ భూమిని దున్నుతున్న వాని ఇంటికి వెళ్ళి, మేము వెళ్ళదలచుకున్నాము, నీ సంగతి ఏమిటి అని అడిగి రండి. అతని జవాబు విన్న తరువాత వేసిన లెక్కే సరియైన లెక్క.